దారం తెగితే మగ్గం ఆగాల్సిందే!

• రాసిన ప్రతి వరుసనూ జల్లెడ పట్టే యంత్రం కాపలా
• ఎర్రగుర్తు పడితే సాఫ్ట్‌వేర్ గడప దాటదు
• 'ఈ ఒక్కసారికి' అని దాటించినప్పుడే అసలు ముప్పు

బెంగళూరు: రాత్రి పదకొండు దాటింది. మారతహళ్లిలో మూడో అంతస్తు గది. కింద రోడ్డు మీద వాహనాల రొద ఇంకా తగ్గలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు తెరమీది ఎర్రటి గుర్తునే చూస్తున్నాడు. అతడు రాసిన ప్రోగ్రామ్ తెల్లవారుజామున నాలుగింటికల్లా కోలారు, చిక్కబళ్లాపురం వైపు పల్లెల్లోని పాల డెయిరీలకు చేరాలి. అయిదున్నరకు క్యాన్లు పట్టుకుని రైతులు వరుస కడతారు. చేతిలో ఉన్నది అయిదు గంటలు. ఎర్రగుర్తు మాత్రం కదలనంటోంది.

"చూసినావా అన్నా, ఇదే మా గేటు. ఇది పచ్చగా మారేదాకా నా కోడ్ బయటికి పోదు" అన్నాడు.

అతణ్ని ఆపింది మేనేజరు కాదు, పక్క సీటు ఇంజినీరూ కాదు. ఎక్కడో సర్వర్‌లో నడిచే ఓ తనిఖీ యంత్రం. సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ పైప్‌లైన్ అంటారు. ముద్దుగా 'సీఐ'. బెంగళూరులో కోడ్ రాసి బతికే మనవాళ్లలో చాలామందికి రోజూ దీనితోనే లేవడం, దీనితోనే పడుకోవడం. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు మాత్రం "మావాడు కంప్యూటర్ పని" అని చెప్పుకోవడం వరకే తెలుసు. ఆ పనిలో సగం తప్పులు వెతుక్కోవడమే అంటే నమ్మరు.

ఈ కుర్రాడిది దొడ్డబళ్లాపురం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. తండ్రి మరమగ్గాలు నడుపుతారు. ఇంజినీరింగ్ అయ్యాక ఓ చిన్న కంపెనీలో చేరాడు. పాల సేకరణ కేంద్రాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం వారి పని. తన పేరు, కంపెనీ పేరు రాయొద్దన్నాడు. రాత్రంతా ఏం జరిగిందో రాసుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

గేటులో ఏం చూస్తారు?

ఒక ప్రాజెక్టు మీద పదిమంది పనిచేస్తుంటారనుకోండి. ఎవరి ముక్క వారు తమ కంప్యూటర్‌లో రాసుకుంటారు. నెల తర్వాత అన్నీ తెచ్చి ఒకేసారి కలిపితే? పెళ్లిపందిట్లో పదిమంది వంటవాళ్లు ఎవరికి వారే ఉప్పు వేసినట్టవుతుంది. అందుకే రాసినది రాసినట్టు, రోజుకు ఒకసారైనా ఉమ్మడి ఖాతాలో కలిపేయాలన్నది సీఐ మూలసూత్రం. అలా కలిపే ముందు యంత్రం ప్రతి ముక్కనూ పరీక్షిస్తుంది.

పరీక్షల వరుస ఎక్కువ చోట్ల ఇలా ఉంటుంది. మొదట పొందిక. ఖాళీలు, వరుసలు, పేర్లు అందరివీ ఒకే తీరున ఉన్నాయా? తర్వాత లింట్. వాడని పేర్లు, ఎప్పటికీ అమలుకాని వరుసలు, అనుమానాస్పదమైన రాతలు పట్టుకుంటుంది. ఆపైన టైప్ చెక్. అంకె ఉండాల్సిన చోట అక్షరాలు వస్తున్నాయా, అసలు ఏమీ రాకుండా పోయే వీలుందా అని చూస్తుంది. ఆ తర్వాత టెస్టులు. 'ఈ లెక్క ఇస్తే ఈ జవాబు రావాలి' అని మనుషులే ముందుగా రాసిపెట్టిన ప్రశ్నపత్రాలు ఇవి. చివరగా భద్రత. కోడ్‌లో ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోయి వదిలేశారా, బయట నుంచి తెచ్చుకున్న భాగాల్లో తెలిసిన లోపాలున్నాయా అన్నది తేలుస్తుంది. 2021 డిసెంబరులో 'లాగ్‌ఫోర్‌జే' అనే జావా భాగంలో పెద్ద లోపం బయటపడినప్పుడు అది తమ దగ్గర ఎక్కడెక్కడుందో తెలియక ప్రపంచమంతా కంపెనీలు తలలు పట్టుకున్నాయి. ఈ చివరి తనిఖీ విలువ అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

చవకగా, త్వరగా తేలిపోయే పరీక్షలు ముందు. గంటలు పట్టేవి వెనక. మొత్తం పది నిమిషాల్లో తేలాలన్నది పాత సూత్రం. అంతకు మించితే ఇంజినీరు కాఫీకి వెళ్తాడు, అటే పోతాడు, తప్పు సంగతి మరిచిపోతాడు.

కోడ్ నడిపించకుండానే, చదివి తప్పు చెప్పడాన్ని 'స్టాటిక్ అనాలిసిస్' అంటారు. నడిపించి చూసేది టెస్టు. బండి కొనేముందు ఇంజిన్ విప్పి చూడటం మొదటిది. ఎక్కి రెండు కిలోమీటర్లు తోలడం రెండోది. రెండూ కావాలి.

'సున్నా' చేసిన మోసం

ఇంతకీ ఆ రాత్రి ఎర్రగుర్తు ఎందుకు పడింది?

పాల కేంద్రంలో పాలు పోయగానే మిల్క్ అనలైజర్ అనే చిన్న యంత్రం ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ కొలిచి కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ అంకెలను బట్టి ధర. చీటీ చేతికొస్తుంది. కుర్రాడు ధర లెక్కించే భాగాన్ని కొత్తగా రాశాడు. తనిఖీ యంత్రం అందులో ఓ వరుస దగ్గర ఆగింది. సారాంశం ఇది: 'ఫ్యాట్ విలువ ఒక్కోసారి ఖాళీగా రావచ్చు. మీరు దాన్ని అంకె అనుకుని గుణిస్తున్నారు'.

నిజమే. వైరు వదులైతే అనలైజర్ ఏమీ పంపదు. ఆ సంగతి కుర్రాడికి తట్టలేదు. యంత్రానికి పాల గురించి ఏమీ తెలియదు. కానీ ఖాళీ రావడానికి దారి ఉందని కోడ్ చదివి కనిపెట్టింది.

కుర్రాడు క్షణం ఆలోచించాడు. ఒక చిన్న మాట చేర్చాడు. 'ఖాళీ అయితే సున్నా అనుకో'. అంతే! టైప్ చెక్ నోరు మూసుకుంది. పచ్చగుర్తు పడింది. కుర్చీలో వెనక్కి వాలాడు. రెండు నిమిషాలు గడవకముందే ఇంకో చోట మళ్లీ ఎర్రగుర్తు!

"అబ్బ... అవ్వ పట్టుకునింది" అని తల కొట్టుకున్నాడు.

అవ్వ ఎవరు? ఆ కథ వినాల్సిందే.

'అవ్వ టెస్టు' పుట్టిన కథ

ఈ కుర్రాడు చేరకముందు ఓ పల్లెలో ఇలాగే అనలైజర్ వైరు వదులైందట. అప్పటి ప్రోగ్రామ్ ఖాళీని సున్నాగా తీసుకుంది. ఫ్యాట్ సున్నా అంటే ధరా సున్నా. ఆ పూట వైరు బిగించేదాకా పాలు పోసిన వాళ్లందరి చీటీల్లో రూపాయి పడలేదు. చాలామంది చీటీ చూసుకోకుండా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక ముసలావిడ మాత్రం మనవడి చేత చదివించుకుంది. తిరిగొచ్చి సెక్రటరీని నిలదీసింది.

"నా ఆవు నీళ్లిస్తా ఉందేమప్పా?"

ఆ ఒక్క మాటతో సంగతి బయటపడింది. తర్వాతి బిల్లులో కంపెనీ లెక్క సరిచేసి అందరికీ డబ్బు ఇప్పించింది. అంతటితో ఊరుకోలేదు. 'కొలత ఖాళీగా వస్తే బిల్లు పుట్టకూడదు' అని ఒక టెస్టు రాసి పైప్‌లైన్‌లో పెట్టేసింది. ఆఫీసులో దానికి 'అవ్వ టెస్టు' అని పేరు. తర్వాత వచ్చిన కుర్రాళ్లలో ఎవరూ ఆ అవ్వను చూడలేదు. ఆ గొడవ జరిగినప్పుడు ఉన్న ఇంజినీర్లలో ఇద్దరు వేరే కంపెనీలకు వెళ్లిపోయారు. టెస్టు మాత్రం అక్కడే ఉంది. ప్రతిసారీ, ప్రతి ఒక్కరినీ అదే ప్రశ్న అడుగుతోంది.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. మొదటి తనిఖీ మాయమాటకు లొంగిపోయింది. సున్నా కూడా అంకే కదా, దాని దృష్టిలో లోపం లేదు. పాలకు సున్నా ఫ్యాట్ ఉండదని దానికెవరు చెప్పాలి? మనిషే చెప్పాలి. చెప్పినవాళ్లు ముందే దెబ్బతిన్నవాళ్లు. పైప్‌లైన్ అంటే అలా పడ్డ దెబ్బలన్నీ గుర్తుపెట్టుకున్న చిట్టా. మనుషులు మారతారు, ఊళ్లు మారతారు. చిట్టా మారదు... ఎవరైనా చెరిపేస్తే తప్ప.

మగ్గం నేర్పిన పాఠం

"మా నాయన మగ్గం చూడాలన్నా నువ్వు. పేక దారం తెగితే టక్కున ఆగిపోతాది. ఎవురూ చెప్పబన్లేదు. పడుగు తెగితే మాత్రం దానికి తెలీదు. మా నాయనే చూసుకోవాల. చూడకపోతే గుడ్డంతా గీత పడిపోతాది" అన్నాడు కుర్రాడు. మాట్లాడుతూనే తన 'సున్నా'ను తుడిచేశాడు.

అతడికి తెలియకుండానే అసలు చరిత్ర చెప్పేశాడు. జపాన్‌లో సకిచి టయోడా అనే ఆయన 1924లో ఒక ఆటోమేటిక్ మగ్గం తయారుచేశారు. దారం తెగగానే తనంతట తానే ఆగడం దాని ప్రత్యేకత. మనిషి మగ్గానికి కాపలా కాయాల్సిన పని తగ్గింది. ఒకే మనిషి ఎన్నో మగ్గాలు చూసుకోగలిగాడు. చెడిపోయిన గుడ్డ గజాలకొద్దీ నేసే బాధ తప్పింది. ఆ మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. ఆ కుటుంబమే తర్వాత టయోటా కార్ల కంపెనీ పెట్టింది. 'తప్పు కనిపిస్తే అక్కడికక్కడే ఆపు' అన్న మగ్గం సూత్రం కార్ల కర్మాగారంలోకీ వచ్చింది. తాడు లాగితే దీపం వెలుగుతుంది. సమస్య తేలకపోతే లైన్ ఆగుతుంది. ఈ దీపాల పద్ధతినే 'ఆండన్' అంటారు. బెంగళూరు పక్కన బిడదిలో కార్లు చేసే టయోటా కిర్లోస్కర్ ఈ వంశానిదే. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ ఆలోచనను కర్మాగారాల నుంచి తెచ్చుకుని తమ ఎర్ర, పచ్చ గుర్తులకు తగిలించుకున్నారు.

నేతకూ కోడ్‌కూ ఇంకో చుట్టరికం ఉంది. 1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త సీ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో అనుమానపు రాతలు వెతికే సాధనం రాశారు. దానికి 'లింట్' అని పేరు పెట్టారు. బట్టకు అంటుకునే నూగునే లింట్ అంటారు. ఆ నూగు దులిపే పనిముట్టు పేరే ఇప్పుడు ఈ తరహా తనిఖీలన్నిటికీ స్థిరపడిపోయింది.

అంతకు రెండేళ్ల ముందే, 1976లో థామస్ మెకేబ్ ఒక కొలత చెప్పారు. ఒక్కో ప్రోగ్రామ్ ముక్కలో ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కపెట్టండి, పది దాటితే చిక్కుముడి అన్నారు. నేటి తనిఖీ సాధనాల్లోనూ ఆ లెక్క కనిపిస్తుంది. 1990ల చివర్లో కెంట్ బెక్ బృందం 'ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్' పేరుతో రోజూ కలపడం, రోజూ పరీక్షించడం అలవాటు చేసింది. 2001లో థాట్‌వర్క్స్ వాళ్ల 'క్రూజ్ కంట్రోల్' వచ్చి ఆ పనిని యంత్రానికి అప్పగించింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొహ్సుకె కవాగుచి మొదలుపెట్టిన 'హడ్సన్' 2011లో 'జెంకిన్స్'గా పేరు మార్చుకుంది. బెంగళూరు ఆఫీసుల్లో ఒక తరం మొత్తం జెంకిన్స్ ముందే పెరిగింది. 2019లో 'గిట్‌హబ్ యాక్షన్స్' అందరికీ అందుబాటులోకి వచ్చాక, హాస్టల్ గదిలో చదువుకునే విద్యార్థి కూడా పైసా ఖర్చు లేకుండా సొంత గేటు పెట్టుకునే రోజులొచ్చాయి.

గోరంత తప్పు... కొండంత చేటు

తప్పు గోరంతే కదా అనుకుంటే ఏమవుతుందో లోకం చూసింది.

2014 ఫిబ్రవరిలో యాపిల్ తన ఫోన్లకు హడావుడిగా ఓ సవరణ విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో అవతలివారు అసలువారా, నకిలీవారా అని తేల్చే భాగంలో ఒకే వరుస పొరపాటున రెండుసార్లు పడింది. దాంతో కింద ఉన్న అసలు తనిఖీ ఎప్పటికీ అమలు కాలేదు. 'ఈ వరుసలకు దారే లేదు' అని హెచ్చరించే సాధనాలు అప్పటికే ఉన్నాయి. అలాంటి హెచ్చరికను గేటు దగ్గర తప్పనిసరి చేసి ఉంటే ఆ ఒక్క వరుస లోపలే దొరికిపోయేది.

హెచ్చరిక వచ్చినా పట్టించుకోకపోతే? 2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్‌లో నైట్ క్యాపిటల్ అనే సంస్థకు ఏం జరిగిందో చూడండి. ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రామ్ పెట్టాల్సి ఉండగా ఒకదాన్ని మరిచిపోయారు. అందులోని పాత కోడ్ మేల్కొని ఎడాపెడా కొనుగోళ్లు, అమ్మకాలు చేసేసింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం! మార్కెట్ తెరవకముందే వారి సిస్టమ్ 97 ఈమెయిళ్లు పంపింది. అందులో తప్పు జాడ ఉంది. అవి హెచ్చరికలుగా తీర్చిదిద్దినవి కావు, చదివి చర్య తీసుకునే పని ఎవరికీ అప్పగించలేదు. గంట మోగింది. వినేవారు లేరు.

మరి కాపలాదారుడి కంటికే పొర కమ్మితే? 2024 జూలై 19 మనకూ గుర్తే. బెంగళూరు విమానాశ్రయంలో కొన్ని విమానయాన సంస్థల చెక్-ఇన్ మొరాయించి ప్రయాణికులు బారులు తీరారు. హైదరాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలే కారణం. ఒకచోట 21 అంశాలు ఉంటాయని రాసుకున్నారు, అందింది 20. లేని ఇరవై ఒకటో దాని కోసం వెతకబోయి విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల యంత్రాలు. ఆ ఫైలు తనిఖీ లేకుండా బయటికి రాలేదు. తనిఖీ చేసే ప్రోగ్రామ్‌లోనే లోపం ఉండి 'బాగుంది' అని పంపేసింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా జరగాల్సింది జరిగిపోయింది. అందరికీ ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా పంపుతామని ఆ సంస్థ తర్వాత ప్రకటించింది.

మూడూ మూడు రకాలు. ఒకచోట గేటు చూడాల్సింది చూడలేదు. ఒకచోట సంకేతం వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. మరోచోట గేటుకే లోపం.

గేటుకు గండి కొట్టేవారు

ఇవన్నీ తెలిసీ ఆఫీసుల్లో గేటుకు గండ్లు పడుతూనే ఉంటాయి. అవీ చిత్రంగా ఉంటాయి.

ఒక వరుస పక్కన 'దీన్ని చూడకు' అని చిన్న గుర్తు రాసేస్తే లింట్ ఆ వరుసను వదిలేస్తుంది. అవసరమైన చోట వాడుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. గడువు దగ్గరపడేకొద్దీ ఆ గుర్తులు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. కోడ్‌లో ఎంత శాతం టెస్టుల కింద నడిచిందో చెప్పేది 'కవరేజీ'. ఎనభై శాతం ఉండాలని పై నుంచి ఆదేశం వస్తే, ఏమీ పరీక్షించని ఉత్తుత్తి టెస్టులు పుట్టుకొస్తాయి. ప్రోగ్రామ్‌ను నడిపిస్తాయి, జవాబు సరైనదా అని అడగవు. శాతం పెరుగుతుంది, నాణ్యత పెరగదు. హాజరుపట్టీలో పేరుంటే పిల్లాడికి చదువొచ్చేసినట్టా?

తప్పు ఎప్పుడూ ఇంజినీరుదే అనలేం. పదేళ్ల పాత ప్రాజెక్టుకు ఒక్కసారిగా తనిఖీ సాధనం తగిలిస్తే వేలకొద్దీ హెచ్చరికలు కుప్పపడతాయి. అన్నీ ఎర్రగా ఉంటే ఏదీ ఎర్రగా కనిపించదు. 'నాన్నా పులి' కథలా తయారవుతుంది. గూగుల్ సంస్థ తన అంతర్గత తనిఖీ వ్యవస్థ 'ట్రైకార్డర్' గురించి 2015లో వెలువరించిన పరిశోధన పత్రంలో ఒక నియమం చెప్పింది. ఇంజినీర్లు పనికిరాదని పక్కనపెట్టే హెచ్చరికలు పది శాతం లోపే ఉండాలి. అంతకు మించి విసిగించే తనిఖీని బాగుచేయాలి, లేదా తీసేయాలి.

అనుభవజ్ఞులు చెప్పే దారి కూడా తేలికైనదే. పాత హెచ్చరికలను లెక్కరాసి పక్కన పెట్టండి. ఈ రోజు నుంచి రాసే కొత్త వరుసల్లో మాత్రం ఒక్కటీ రానివ్వకండి. పాత వరుసను ఎప్పుడు ముట్టుకుంటే అప్పుడు దాన్నీ శుభ్రం చేయండి. ఇల్లంతా ఒక్కరోజులో సున్నం కొట్టలేం. రోజూ కసువు ఊడ్చుకోవచ్చు కదా!

ఒక్కోసారి పాసై, ఒక్కోసారి ఫెయిలయ్యే టెస్టులు ఇంకో తలనొప్పి. 'మళ్లీ నడిపించు, అదే పోతుంది' అనే అలవాటు వీటివల్లే వస్తుంది. నిజమైన తప్పు వచ్చినప్పుడూ చేయి అదే బటన్ నొక్కుతుంది. అలాంటి టెస్టును వెంటనే పక్కకు తీసి బాగుచేయడమే మందు.

మన కుర్రాళ్లకు ఇది మేలే

సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే మన పిల్లల్లో చాలామంది చదివింది కన్నడ మాధ్యమమో, తెలుగు మాధ్యమమో. మొదటి ఉద్యోగంలో పదిమంది ముందు ఇంగ్లిష్‌లో తప్పు చెప్పించుకోవడం అంటే గుండె జారిపోతుంది. అడగడానికి మొహమాటం. అడిగితే నవ్వుతారేమోనని భయం.

"నేను చేరిన కొత్తలో రివ్యూ అంటే జ్వరం వస్తా ఉండె. ఈ మిషన్ అట్ల కాదు. మా లీడ్‌కైనా నాకైనా ఒకే మాట చెప్తాది. నవ్వదు. నాలుగుసార్లు తప్పు చేసినా విసుక్కోదు" అంటాడు కుర్రాడు. చిన్న తప్పులన్నీ యంత్రం ముందే ఏరేస్తే, మనుషుల సమీక్షలో మిగిలేది అసలు విషయం. ఖాళీల గురించి, కామాల గురించి గొడవలుండవు. పాల ధర లెక్క సరైనదా, పైసలు ఎటు సవరించాలి, రైతుకు చీటీ అర్థమవుతుందా... ఇవే మిగులుతాయి. వీటికి జవాబు యంత్రం దగ్గర లేదు.

ఇప్పుడు కోడ్‌లో కొంత భాగాన్ని ఏఐ సాధనాలే చిటికెలో రాసిపెడుతున్నాయి. రాసే వేగం పెరిగింది. చదివే మనుషుల కళ్లు పెరగలేదు. అందుకే గేటు ఇంకా గట్టిగా ఉండాలి. ఎవరు రాసినా, ఏది రాసినా పరీక్ష ఒకటే.

'అక్కా, ఒక్కసారికి...'

మళ్లీ మారతహళ్లి గదికి వద్దాం. పన్నెండు దాటింది. అవ్వ టెస్టు ఎర్రగానే ఉంది. కుర్రాడు ఫోన్ తీశాడు. టీమ్ లీడ్‌ది అనంతపురం జిల్లా. ఆమెకు గేటు తెరిచే అధికారం ఉంది. బటన్ నొక్కితే ఎర్రగుర్తుతోనే కోడ్ బయటికి పోతుంది. స్పీకర్ పెట్టాడు.

"అక్కా, అనలైజర్ వైరు ఊడేది ఏడాదికి ఒకసారి. నాలుగింటికి పంపాల కదా. ఈ ఒక్కసారికి దాటించేస్తారా? రేపు పొద్దున్నే సరిచేస్తా."

అవతల నుంచి కాసేపు మాట లేదు.

"వద్దు తమ్ముడూ. పాత వెర్షన్ నడుస్తా ఉంది కదా, నడవనీ. డెయిరీ వాళ్లకు పొద్దున నేను ఫోన్ చేసి చెప్తా. నువ్వు నిదానంగా చూడు. ఖాళీ వస్తే ఏం చేయాలో ఆలోచించు."

అదీ అసలు ప్రశ్న. ఎర్రగుర్తు ఎలా పోగొట్టాలన్నది కాదు, వైరు ఊడినప్పుడు ఆ కేంద్రంలో ఏం జరగాలన్నది. కుర్రాడు కాగితం తీసుకుని రాసుకున్నాడు. కొలత రాకపోతే బిల్లు ఆగాలి. 'కొలత రాలేదు, మళ్లీ చూడండి' అని సెక్రటరీకి కన్నడంలో, తెలుగులో కనిపించాలి. రెండోసారీ రాకపోతే చేత్తో కొలిచి అంకె వేసే వీలుండాలి. చేత్తో వేసిన అంకె అని చీటీ మీద పడాలి.

పన్నెండు యాభైకి అన్నీ పచ్చబడ్డాయి. అవ్వ ఒప్పుకుంది. అయినా ఆ రాత్రి పంపలేదు. మరో మనిషి చదివి సరే అనాలన్నది వారి నియమం. నిద్రమత్తులో చదివిన సమీక్షకు విలువేముంది? పొద్దున లీడ్ చదివారు. ఒక ప్రశ్న వేశారు. "చేత్తో వేసేటప్పుడు పొరపాటున 35 అని వేస్తే?" ఫ్యాట్ మూడున్నరకు బదులు ముప్పై అయిదు! యంత్రం అడగని ప్రశ్న అది. కుర్రాడు ఒక హద్దు పెట్టాడు, ఇంకో టెస్టు చేర్చాడు. సాయంత్రం పాలకు కొత్త వెర్షన్ వెళ్లింది. ఆలస్యం ఒక్క పూట.

కొత్తగా చేరేవారికి

• కాలేజీ ప్రాజెక్టు నుంచే మొదలుపెట్టండి. జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌లింట్, పైథాన్‌కు రఫ్, పైలింట్, జావాకు చెక్‌స్టైల్, స్పాట్‌బగ్స్, సీ ప్లస్ ప్లస్‌కు క్లాంగ్-టైడీ... అన్నీ ఉచితమే.
• ముందు మీ కంప్యూటర్‌లోనే తనిఖీ నడపండి. సర్వర్ చెప్పేదాకా ఆగితే సమయం వృథా.
• హెచ్చరికను నొక్కేసే ముందు దాని అర్థం చదవండి. తప్పనిసరై నొక్కితే కారణం పక్కనే రాయండి.
• తప్పు దొరికిన ప్రతిసారీ సరిచేయడంతో ఆగొద్దు. మళ్లీ రాకుండా ఒక టెస్టు రాయండి.
• పచ్చగుర్తు అంటే 'తెలిసిన తప్పులు లేవు' అని మాత్రమే. 'తప్పే లేదు' అని కాదు.
• ఉద్యోగం ఇంటర్వ్యూలో మీరూ ఒకటి అడగండి: "మీ దగ్గర ఎర్రగుర్తు పడితే ఎవరు ఆపుతారు, ఎవరు దాటిస్తారు?" ఆ కంపెనీ సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది.

తర్వాతి ఆదివారం కుర్రాడు దొడ్డబళ్లాపురం వెళ్లాడు. పేక దారం తెగి మగ్గం ఆగింది. తండ్రి ముడి వేసి మళ్లీ నడిపారు. రాత్రి ఎందుకు ఆలస్యమైందో కొడుకు చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదట. ఒకటే అడిగారు.

"ఇంతకీ ఆ యమ్మకు పాల దుడ్లు పూర్తిగా ఇచ్చిరా లేదా?"